కొబ్బరి తాడు చుట్టిన పెడళ్ళు

ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది. మొదలైంది మాత్రం సైకిలు పెడళ్ళ దగ్గర. అంత చిన్న వస్తువు దగ్గర మొదలైంది ఇంత దూరం వస్తుందని ఎవరనుకుంటారు?

మా ఇంట్లో స్కూటీ నాది, సైకిలు ఆయనది. ఊళ్ళో దీని మీద జోకు వెయ్యని మనిషి లేడు. నేను బ్లౌజులు కుడతాను. లైనింగు గుడ్డకి రావులపాలెం, అంచులకి రాజమండ్రి తిరగాలి కాబట్టి స్కూటీ నేర్చుకున్నాను. మా ఆయన రావులపాలెం అరటి మార్కెట్లో ఒక కొట్టు గుమాస్తా. కాలవ గట్టు మీదుగా సైకిలు మీద వెళ్ళొస్తారు. మీరూ బండి నేర్చుకోండి అంటే, "గెలలు లెక్కపెట్టుకునేవాడికి గేర్లెందుకే" అని నవ్వేసేవారు.

ఆ సైకిలు పెడళ్ళకి ఒక్కోదానికి రెండేసి రబ్బరు దిమ్మలు. కాలికి పట్టు దొరకాలని వాటి మీద గాట్లు ఉంటాయి. ఆ గాట్లు ఎప్పుడో అరిగిపోయి, రబ్బరు అరగదీసిన సబ్బుబిళ్ళలా తయారైంది. కొన్ని నెలలుగా ఆయన ఎడమ కాలు పెడల్ మీంచి జారుతూనే ఉండేది. జారినప్పుడల్లా పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముకను కొట్టేది. ఒకసారి వానలో ఒక్క చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదట. "చెప్పు పోయిన సంగతి కాలికి తెలీదా అండీ, ఇంకా నయం, పంచె ఉంది" అని నేను ఆటపట్టించాను. పక్కింటి పిన్ని నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఆయనా నవ్వారు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్న ఆ మాట ఇప్పుడు నేను నోటెంట రానివ్వను.

అంతకు ముందు రెండేళ్ళు ఆయనకి అరికాళ్ళ మంటలు. నడుం వాల్చితే చాలు, నిప్పుల మీద నిలబెట్టినట్టు ఉండేదట. ఆముదం రాశాం. గోరింటాకు పెట్టాం. ఆయనకి షుగరుందని తెలుసు, రోజూ మాత్ర వేసుకుంటున్నారు, ఇంకేం కావాలి అనుకున్నాం. మంటలకీ దానికీ లంకె ఉందని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. "ఒంట్లో వేడండి" అన్నారు అందరూ. కొబ్బరిబొండాలు తాగించాను. చివరికి ఆయన అయ్యప్పస్వామికి మొక్కుకున్నారు. మంటలు తగ్గితే మాల వేసుకుని కొండకి నడిచి వస్తానని.

తగ్గాయి! ఆ వేసవి దాటేసరికి ఒక్క మంట కూడా లేదు. హాయిగా నిద్రపోతుంటే చూసి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. వీధి వీధంతా తిరిగి చెప్పాను. కొబ్బరికాయలు కొట్టాను. కార్తీకం రాగానే ఆయన నల్లబట్టలు కట్టి మాల వేసుకున్నారు.

మొదటిసారి మాల వేసుకున్నవాళ్ళని కన్నెస్వామి అంటారు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆయన నాకు స్వామి, నేను ఆయనకి మాత. ఇన్నేళ్ళు "ఒసేయ్" అన్న నోటితో "మాతా, కాస్త మంచినీళ్ళు" అనాల్సి వచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి. ఆ పిలుపుకోసమైనా ఏటా మాల వెయ్యాలి మీకు అనేదాన్ని. స్వామి ఎదురైతే పాదాలకి దణ్ణం పెట్టాలి కాబట్టి ఊళ్ళో చిన్నాపెద్దా ఆయన కాళ్ళకి మొక్కేవారు. నేనూ మొక్కాను.

చెప్పుల్లేకుండా తొక్కడం మొదలయ్యాక కాలు జారడం మరీ ఎక్కువైంది. ఒకరోజు ముసురు పట్టింది. మార్కెట్ నుంచి వస్తుంటే గట్టు మీద ఎడమ కాలు జారి, సైకిలు కాలవ వైపు ఒరిగిపోయింది. మనిషి గడ్డిలో పడ్డారు, నీళ్ళకి జానెడు దూరంలో. ఆయనకి ఈత రాదు. గడ్డి తుడుచుకుంటూ ఇంటికొచ్చి, పాత పెడళ్ళు కదా అని చల్లగా చెప్పారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద కాదు, ఆ పెడళ్ళ మీద.

సైకిలు షాపుకి తీసుకెళ్ళాను. పాత పెడళ్ళు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, కాకపెట్టి తియ్యాలి, బండి ఉంచి వెళ్ళండి అన్నాడతను. మా స్వామివారు ఒప్పుకుంటేగా! తెల్లారకముందే ఊరి చివర పందిట్లో పూజకి వెళ్ళాలి, సైకిలు లేకపోతే ఎలా అన్నారు. నా స్కూటీ మీద దింపుతానంటే, దీక్షలో ఉన్నవాడు మాత వెనక కూర్చుని వెళ్ళడమేంటి అన్నారు. సరే, నా చేతులున్నాయి, కత్తెర ఉంది, ఇంట్లోనే చూస్తానన్నాను.

ముందు పాత ట్యూబు కోసి, పట్టీలు చేసి పెడళ్ళకి చుట్టాను. ఎండలో బాగానే ఉంది. తడిసేసరికి పాకుడు పట్టిన రేవు మెట్టులా జారింది. తర్వాత గరుకు కాగితం తెచ్చి జిగురుతో అంటించాను. ఒక్క వానకి ఊడి ముద్దయింది. నా తిట్లన్నీ విని పక్కింటి పిన్ని గోడ మీంచి తల పెట్టింది. వాళ్ళింట్లో కొబ్బరి పీచుతో తాడు పేనుతారు.

"ఎందుకమ్మాయ్ ఆ కాయితాలూ అయ్యీని. మా సన్నతాడు పట్టికెళ్ళి చుట్టు. తడిసినా జారదు. ముందు నీళ్ళలో నానెయ్యి, నానితే చెప్పినట్టు వింటాది" అంది.

తాడు నానబెట్టి, ఒక్కో రబ్బరు దిమ్మకీ వరసలు విడిపోకుండా బిగించి చుట్టాను. కొసల్ని దబ్బనంతో లోపలికి దూర్చి, నా కుట్టు దారాలన్నిటిలోకీ లావుపాటి దానితో ముడేశాను. ఆరాక చూస్తే పీచు ముళ్ళపందిలా పైకి లేచింది. కత్తిరించబోతే పిన్ని ఆపింది. "అది తీసెయ్యకమ్మాయ్, ఆ గరుకే పట్టు" అంది. నిజమే అనుకున్నాను.

మర్నాడు ఆయన మార్కెట్ నుంచి వచ్చి, "అబ్బ, కాలు అతుక్కుపోయింది మాతా, ఇంక జారితే ఒట్టు" అన్నారు. నాకు ఎంత గర్వమో! వచ్చినవాళ్ళందరికీ సైకిలు స్టాండు వేసి మరీ చూపించాను.

ఆ రోజుల్లోనే పందిరికి వెళ్ళే దారిలో కొత్త రోడ్డు కోసం కంకర పోశారు. తక్కిన స్వాములు "స్వామియే" అంటూ పళ్ళ బిగువున గెంతుతూ నడిచేవారట. మా ఆయన సైకిలు నడిపించుకుంటూ తిన్నగా వెళ్ళిపోయేవారు. గురుస్వామి మా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు, దీక్షలో అందరికీ పెద్ద. ఆయన నలుగురిలోనూ అన్నారట, "కన్నెస్వామిని చూసి నేర్చుకోండయ్యా. పూల మీద నడిచినట్టు నడుస్తున్నాడు. నమ్మకమంటే అదీ" అని. ఆ మాట నా చెవిన పడ్డ రోజు నేను నేల మీద నడవలేదు.

ఒక పొద్దున్న సైకిలు తుడుస్తుంటే ఎడమ పెడల్ తాడు మీద ఎర్రగా కనిపించింది. పూజ దగ్గర కుంకుమ తొక్కి ఉంటారు, కాలితో వచ్చింది అనుకున్నాను. దేవుడి కుంకుమ కాలి కింద పడకూడదని వేలితో అద్దుకుని కళ్ళకి అద్దుకున్నాను. పొడిగా లేదు. తడికి అంటుకుపోయిందిలే అనుకున్నాను.

దీక్ష సగం దాటాక స్వాములందరికీ మా ఇంట్లో భిక్ష పెట్టుకున్నాం. భిక్ష అంటే మధ్యాహ్నం భోజనం. నేను మడి కట్టుకుని తెల్లారినప్పటి నుంచి పొయ్యి దగ్గరే. అంతా అయిందనుకునేసరికి పెరుగు చాలదని తేలింది. స్కూటీ తీద్దామంటే దాని ముందే గాడిపొయ్యి తవ్వి గుండిగ పెట్టేశాం. గోడకి ఆనించిన ఆయన సైకిలు కనిపించింది. మడిలో ఉన్నాను, చెప్పుల్లేవు, గబగబా ఎక్కాను.

నాలుగు తొక్కులు తొక్కానో లేదో ప్రాణం పోయినంత పనైంది. చీపురు కట్ట మీద కాలు పెట్టి నొక్కినట్టు, పీచు ప్రతి పోగూ అరికాల్లోకి దిగింది. నా పనికి నేనే మురిసిపోయానుగానీ ఎన్నడూ వట్టికాలితో ఎక్కి చూడలేదు. వీధి చివరికైనా వెళ్ళలేక దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి పెరుగు తెచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి స్వాములంతా చాపల మీద కూర్చున్నారు, ఆకులు వేస్తున్నారు. ఆయన గురుస్వామి పక్కన ఉన్నారు. నాకింకా నవ్వే వస్తోంది.

"ఏంటి స్వామీ, ఈ ముళ్ళ మీద రోజూ మార్కెట్ దాకా ఎలా తొక్కుతున్నారండీ? నాకు వీధి దాటకముందే చుక్కలు కనపడ్డాయి."

"ముళ్ళేంటి? మెత్తగానే ఉందిగా" అన్నారు.

"వేళాకోళం వద్దు."

"వేళాకోళం కాదు మాతా. దూది మీద కాలు పెట్టినట్టే ఉంటుంది. కంకర మీదైనా అంతే. స్వామి దయ."

గురుస్వామి కళ్ళు మూసుకుని "శరణమయ్యప్పా" అన్నారు. అందరూ అందుకున్నారు. నేను మాత్రం అనలేకపోయాను. నా మనసు దూది అన్న మాట దగ్గరే ఉంది. చుట్టేటప్పుడు ఆ తాడు నా వేళ్ళని కోసింది. కుట్టుపనితో కాయలు కాచిన వేళ్ళని కోసిన తాడు ఎవరికి మెత్తగా ఉంటుంది?

"ఎడమ కాలు ఎత్తండి" అన్నాను.

"భిక్ష దగ్గర ఏంటిది మాతా? ఆకులు వేశారు."

నేను వినలేదు. మడి లేదు, మాత లేదు, అంతమంది ముందు ఆయన మడమ పట్టుకుని కాలు పైకి ఎత్తేశాను.

బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత గుంట. అంచులు నల్లగా, లోపల తెల్లగా. అందులో కొబ్బరి పీచు పోగులు అతుక్కుని ఉన్నాయి. మధ్యలో ఒక తుమ్మ ముల్లు విరిగి దిగబడి, మొన మాత్రం పైకి కనిపిస్తోంది. వాసన వచ్చింది. పక్కనున్న స్వామి ఆకు ముందు నుంచి లేచిపోయాడు. నేను గోళ్ళతో ముల్లు పట్టుకుని పీకాను. పొడుగ్గా వచ్చింది, వెనకాల రక్తం వచ్చింది.

ఆయన ఉలిక్కిపడలేదు. కనీసం కాలు వెనక్కి లాక్కోలేదు. వడ్డించేవాళ్ళ వైపు చూస్తూ, "చూశావా, ఏం లేదుగా. కానివ్వండి, సాంబారు చల్లారిపోతుంది" అన్నారు.

ముల్లు నా వేళ్ళ మధ్య ఉంది. ఆయనకి తెలియనే తెలియదు. నేను పీకానని తెలియదు, అది గుచ్చుకుందని తెలియదు, ఎన్నాళ్ళుగా ఉందో తెలియదు. నీ కాల్లో ముల్లు గుచ్చుకుంటే పంటితో పీకుతాను అని మనవాళ్ళు ప్రేమకి హద్దుగా చెప్పుకుంటారు. గుచ్చుకున్న సంగతి ఆ కాలికే తెలియకపోతే పీకేవాళ్ళకి చెప్పేదెవరు? రోజూ ఇంతమంది ఆ పాదాలకి మొక్కాం. అందరం పైనే చూశాం. కళ్ళకి అద్దుకున్న కుంకుమ గుర్తొచ్చింది. అది కుంకుమ కాదు.

గురుస్వామి ముందు తేరుకున్నారు. ఆయనే కారు మాట్లాడి పంపించారు. రాజమండ్రిలో షుగరు కాళ్ళు చూసే డాక్టరమ్మ దగ్గరికి ఆ సాయంత్రమే వెళ్ళాం. ఆవిడ గాయం శుభ్రం చేసి కట్టు కట్టి, సన్నటి నైలాను పోగు ఒకటి చేతిలోకి తీసుకుంది.

"కళ్ళు మూసుకోండి స్వామీ. తగిలినప్పుడల్లా చెప్పండి."

ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. ఆవిడ పోగుతో వేళ్ళ మీద పొడిచింది, మడమ మీద పొడిచింది, రెండు కాళ్ళూ పూర్తి చేసింది. పోగు వంగడం నాకు కనపడుతూనే ఉంది. ఆయన నవ్వుమొహంతో అలాగే ఎదురు చూస్తున్నారు. కాసేపటికి, "మొదలెట్టండి డాక్టరమ్మా" అన్నారు.

నేను చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఇంతకు ముందు అరికాళ్ళలో మంటలుండేవా?" అని అడిగింది ఆవిడ.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఆయ్, ఉండేవండి. రెండేళ్ళు నిద్ర లేదు. స్వామికి మొక్కుకున్నానండి, చేత్తో తీసేసినట్టు తగ్గిపోయాయి. అందుకేనండి ఈ మాల."

ఆవిడ పోగు బల్ల మీద పెట్టింది. చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మంటలు తగ్గలేదండి. ఆ మంట చెప్పే నరాలు చచ్చిపోయాయి. షుగరు చేసే పనది. మంట ఉన్నప్పుడు రావాల్సింది."

మంటలు పోయాయని నేను కొబ్బరికాయలు కొట్టాను. వీధంతా చెప్పాను. ఆయన నిద్ర చూసి ఏడ్చాను, సంతోషంతో! పెడల్ మీంచి కాలు జారింది పెడల్ అరిగి కాదు. చెప్పు పోయినా తెలియకపోవడం మతిమరుపు కాదు. కంకర మీద పూల నడక భక్తి కాదు. ఆయన భక్తి నిజమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ చచ్చిపోయిన కాళ్ళని చూసి మేమంతా అది వరమనుకున్నాం.

"ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే కాలు తీసెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు కూడా మాట ఇవ్వలేను, ఉంచడానికే చూద్దాం. కాలు నేల మీద మోపకూడదు" అంది ఆవిడ.

ఇంటికొచ్చే దారిలో గౌతమి బ్రిడ్జి దాటేదాకా ఆయన మాలలో రుద్రాక్షలు ఒక్కొక్కటీ తడుముకుంటూ కూర్చున్నారు. దాటాక నా వైపు తిరిగి, "అయితే నేను దణ్ణం పెట్టింది దేనికే?" అన్నారు. మాతా అనలేదు.

మర్నాడు గురుస్వామి వచ్చి మంత్రం చెప్పి మాల తీశారు. "కొండ ఎక్కడికీ పోదు, ముందు కాలు చూసుకోండి" అన్నారు. పందిట్లో ఆ పూట పూజకి ముందు స్వాములందరినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కాలూ తన ఒళ్ళో పెట్టుకుని టార్చిలైటుతో అరికాలు చూశారట.

నేను కత్తెర తీసుకుని పెడళ్ళ మీద తాడు ముక్కలు ముక్కలుగా కోసి పారేశాను. ఎడమ వైపు తాడు లోపలి వరస దాకా నల్లగా గట్టిపడి ఉంది. కోసేశాక వట్టి పెడళ్ళు మిగిలాయి, అదే నున్నటి రబ్బరు. ఎందుకో తెలియదు, వట్టికాళ్ళతో ఎక్కాను. కాలవ గట్టు చివరిదాకా వెళ్ళొచ్చాను. నీళ్ళు పోసి పెడళ్ళు తడిపి మళ్ళీ వెళ్ళాను. ఒక్కసారి కూడా నా కాలు జారలేదు.

గాయం మానేసరికి ఎండాకాలం వచ్చేసింది. కాలు దక్కింది. ఇప్పుడు మార్కెట్‌కి నా స్కూటీ వెనక కూర్చుని వెళ్తారు, వెనక పట్టీ ఉన్న చెప్పులేసుకుని. జోకులేసేవాళ్ళని వేసుకోమన్నాను. రోజూ పొద్దు వాలగానే ఆయన కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందుల దాకా చూస్తాను. స్పర్శ తిరిగి వస్తుందా అని డాక్టరమ్మని అడిగితే, పోయింది రాదండి, ఉన్నది కాపాడుకోవాలి అంది. ఆ మాట ఆయనా విన్నారు.

మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. "ఒకసారి చూడవే, డాక్టరమ్మ చూసినట్టు చూడు. ఈమధ్య కాస్త తెలుస్తున్నట్టుంది" అన్నారు ఆయనే. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నేను ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకుని కళ్ళజోడు సర్దుకుంటున్నాను.

"ఆ, తెలుస్తోంది! చిటికెన వేలి దగ్గర కదూ?" అన్నారు, ఆశగా.

నేనింకా వేలు పెట్టలేదు.

"అవునండి, అక్కడే" అన్నాను.